హాస్యం నేర్చుకునేవారికి మీ పత్రికలో కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు బోధించి, పదవీ విరమణ తరువాత తిరుపతిలో స్థిరపడిన ఉపాధ్యాయురాలిని నేను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం మా ఇంటి మిద్దెమీద ఏడెనిమిది మంది చేరి, ఆ వారంలో తాము రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. వారిలో డిగ్రీ చదువుతున్న పిల్లలున్నారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారున్నారు, బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఒక నడివయసు ఆయన కూడా ఉన్నారు. కథలు రాయాలని వచ్చినవారు ఇద్దరే. తక్కినవారందరూ హాస్యం రాయాలన్న కోరికతో వచ్చినవారే. వారికి ఎదురవుతున్న ఇబ్బంది మీ పత్రిక తలచుకుంటే చాలావరకు తీరేదే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, మన్నించి వీలైతే పూర్తిగా ప్రచురించగలరు.

హాస్యం పుట్టుకతో రావాలేగాని నేర్చుకుంటే వచ్చేది కాదని మనలో చాలామంది నమ్మకం. ఈ మాట నేను ఉపాధ్యాయుల గదుల్లో విన్నాను, సాహిత్య సభల్లో విన్నాను, కన్నవాళ్ల నోటా విన్నాను. పద్యం రాయాలనుకున్న పిల్లవాడికి గణాలు, యతి, ప్రాస చెబుతాము. పాట నేర్చుకోవాలని వచ్చిన పాపకు సరళీ స్వరాలతో మొదలుపెట్టిస్తాము. వ్యాసానికి ఎత్తుగడ ఎలా ఉండాలో, ముగింపు ఎలా ఉండాలో పదో తరగతిలోనే నేర్పి మార్కులు కూడా వేస్తాము. హాస్యం రాస్తానన్న పిల్లకు మాత్రం ‘నీకు ఉంటే వస్తుంది, లేకపోతే లేదు’ అని చెప్పి పంపించేస్తాము. ఎవరూ నేర్పనప్పుడు ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది? చేతిలోని ఫోనులో అర నిమిషానికొకటి వచ్చే వీడియోల్లో నేర్చుకుంటుంది. వాటిలో ఎక్కువభాగం ఎవరో ఒకరి లావును, నలుపును, బట్టతలను, నత్తిని, లేకపోతే వారు మాట్లాడే యాసను పట్టుకుని నవ్వించేవే. రెండేళ్లు వాటిని చూసిన పిల్లకు హాస్యమంటే ఇదేనని తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఆ మధ్య మా జిల్లాలోని ఒక కళాశాలలో హాస్య రచనల పోటీ పెట్టారు. మా బృందంలోని ఒక అమ్మాయి కూడా పేరిచ్చింది కాబట్టి నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఆమె కంటే ముందు వేదిక ఎక్కిన ఒక అబ్బాయి, చిత్తూరు వైపు రైతు ఒకాయన బ్యాంకుకు వెళ్లినట్టు రాసుకొచ్చాడు. రాసినదాంట్లో చమత్కారమంటూ ఏమీ లేదు. ‘యాడికి’, ‘అట్టనా’, ‘ఉండాది’ అన్న మాటలు వచ్చిన ప్రతిసారీ గొంతు మార్చి సాగదీసి చదవడం, చివర ఆ రైతుకు నత్తి కూడా తగిలించడం, అంతే. హాలంతా నవ్వింది, న్యాయనిర్ణేతలూ నవ్వారు, ఆ రచనకు బహుమతి కూడా వచ్చింది. మా అమ్మాయిది పలమనేరు దగ్గర ఒక పల్లె. ఆమె రాసుకున్నదాంట్లో వాళ్ల అమ్మ మాట్లాడే మాటలు ఉన్నాయి, అవీ అదే యాసలో ఉన్నాయి. తన పేరు పిలిచేలోపు ఆమె బల్లమీద కాగితం పెట్టుకుని, పెన్నుతో ఆ మాటలన్నీ కొట్టేసి, పైన పుస్తకాల భాషలో తిరిగి రాసుకోవడం నేను చూశాను. వేదికమీద చదివింది ఆ దిద్దినదే. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ మిగలలేదు కూడా. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ‘మా అమ్మ మాట్లాడితే ఇంట్లో మేము రోజూ నవ్వుతాము మేడమ్, ఆమె కూడా నవ్వుతుంది’ అంది.

ఆ మాట విన్ననాటి నుంచే ఈ లేఖ రాయాలని అనుకుంటున్నాను.

1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని తాలూకాలు తీసి కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. ఒకవైపు తమిళం, మరొకవైపు కన్నడం ఆనుకుని ఉన్న సీమ కాబట్టి ఇక్కడి తెలుగులో ఆ రెండింటి వాసనా ఉంటుంది, రాయలసీమ నుడికారమూ ఉంటుంది. 2022లో జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయినా మాట మాత్రం విడిపోలేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి వంటి రచయితలు ఈ యాసతోనే కథలు నడిపి, రాష్ట్రమంతటా చదివించారు. ఆ కథల్లో నవ్వు వచ్చినప్పుడు ఆ మనుషుల తెలివికీ, పంతానికీ, ప్రేమకూ నవ్వుతాముగాని వారి ఉచ్చారణకు ఎవరూ నవ్వరు. ఈ తేడా పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు, వెంటనే పట్టుకుంటారు. చూపించేవారే లేరు.

హాస్యాన్ని నేర్చుకోవచ్చు, దిద్దుకోవచ్చు అని నేను ఎందుకంత గట్టిగా అంటున్నానో తెలియడానికి, ఆ అమ్మాయి తరువాత రాసిన ఒక చిన్న రచన ఎలా మారుతూ వచ్చిందో ఆమె అనుమతితోనే ఇక్కడ చెబుతాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. దాన్ని ఆధారం చేసుకుని ఆమె మొదటి వారం రాసుకొచ్చినది ఇది:

‘లావుగా, నల్లగా, నోట్లో పళ్లు లేని ఒక పల్లెటూరి ముసలమ్మ బస్సెక్కింది. ఆమె చంకలో ఒక కోడిపెట్ట ఉంది. కోడికి టికెట్టు తీసుకోవాలని కండక్టరు అన్నాడు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, ఇది కూడా పెట్టే కదా అని ఆమె అమాయకంగా అడిగింది. అయితే దాని ఆధార్ కార్డు చూపించమని కండక్టరు వెటకారంగా అన్నాడు. ఆమె కొంగులో నుంచి గుడ్డు తీసి చూపించి ఇదే ఆధారం అంది. బస్సులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు.’

చదవడం పూర్తికాగానే బట్టల దుకాణం ఆయన ఒకే ప్రశ్న వేశారు. ‘ఆమె లావుగా ఉండడానికీ, కోడికీ ఏమి సంబంధమమ్మా?’ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, ఆ మొదటి వాక్యాన్ని కొట్టేసింది. రెండో వారం ‘అమాయకంగా’ అన్న మాట దగ్గర పెద్ద వాదన జరిగింది. అవ్వ అమాయకురాలు ఎలా అవుతుంది? ప్రభుత్వం పెట్టిన నిబంధనను చదువుకున్నవాడికంటే పట్టుగా పట్టుకుని, దానితోనే కండక్టరును నిలదీస్తోంది. కండక్టరు కూడా కోప్పడలేదు. ఆమె విసిరిన బంతిని పట్టుకుని, అదే వేగంతో తిరిగి విసిరాడు. ఇద్దరూ ఆడుతున్నారు. కాబట్టి ‘అమాయకంగా’ పోయింది, ‘వెటకారంగా’ కూడా పోయింది. మూడో వారం చివరి వాక్యం పోయింది. నవ్వవలసినది కథ చదివేవారు. బస్సులోనివారు ముందే నవ్వేస్తే పాఠకుడికి మిగిలే పనేముంది?

నాలుగో వారం గుడ్డు సంగతి వచ్చింది. ఇక్కడ మన భాష చేసే సహాయం గురించి కాస్త చెప్పాలి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. చేసిందెవరో, దేన్నో, ఎక్కడో, ఎందుకో అన్నీ చెప్పినా, ఏమి చేశారో తెలియాలంటే వాక్యం చివరిదాకా ఆగాలి. పాఠకుణ్ణి అలా ఆపి ఉంచడం హాస్యానికి ఎంతో అనువైన విషయం. అయితే ‘గుడ్డు తీసి చూపించి ఇదే ఆధారం అంది’ అని రాసినప్పుడు గుడ్డు ముందే కనిపించిపోయి, ‘ఆధారం’ అన్న మాట వచ్చేసరికి ఆ ఆశ్చర్యం చల్లారిపోతోంది. గుడ్డును వాక్యం చివరకు జరపమన్నాను. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి, దాన్ని వాక్యంలో నుంచే బయటికి తీసింది. అయిదో వారానికి రచన ఇలా తయారైంది:

‘పాకాలలో ఒక అవ్వ పల్లెవెలుగు ఎక్కింది. చంకలో కోడిపెట్ట.
“కోడికి టికెట్టు తీసుకోవాల అవ్వా.”
“ఆడోళ్లకు టికెట్టు లేదంటిరి గదా నాయనా. ఇదీ పెట్టే.”
“అట్టయితే దాని ఆధారు చూపీ.”
“ఆధారమే గదా” అని అవ్వ కొంగుముడి విప్పింది.
గుడ్డు.’

‘కండక్టరు అన్నాడు’, ‘అవ్వ అడిగింది’ అన్న మాటలు కూడా చాలావరకు రాలిపోయాయని గమనించండి. ‘అవ్వా’ అన్నవారెవరో, ‘నాయనా’ అన్నవారెవరో ఆ పిలుపులే చెబుతున్నాయి. వరుసలు పెట్టి పిలుచుకునే భాష మనది కాబట్టి ఈ సౌకర్యం మనకు ఉంది. ఇక ‘ఆధారు’కూ ‘ఆధారము’కూ మధ్యనున్న ఒక్క అక్షరం తేడాను అవ్వ నోటిలోనే ఉంచి, దాన్ని ఎవరూ విప్పి చెప్పకపోవడంతో శ్లేష నిలబడింది. ఆ అమ్మాయి మొదటి ప్రతినీ చివరి ప్రతినీ పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా హాస్యం దిద్దితే రాదని ఇంకా అనగలరా? సంగతి ఒక్కటే, మనుషులూ వారే. మారినదల్లా మాటల అమరిక, అవ్వను ఆమె చూసిన చూపు. మొదటి ప్రతిలో అవ్వ మాటలు పుస్తకాల భాషలో ఉన్నాయి, చివరి ప్రతిలో అవి వాళ్ల ఇంటి భాషలో ఉన్నాయి. పోటీలో కొట్టేసిన మాటలను ఆమె మళ్లీ రాయడానికి అయిదు వారాలు పట్టింది. ఆ వారం ఆమె చదువుతుంటే మిద్దెమీద అందరూ నవ్వారు. ఎవరి యాసకూ కాదు.

భరతుడి నాట్యశాస్త్రంలో హాస్యానికి ఆరు తరగతులు చెప్పారు. కళ్లూ చెక్కిళ్లూ కాస్త విప్పారి, పళ్లు కనిపించకుండా నవ్వేది స్మితం. పళ్లు కొద్దిగా కనిపిస్తే హసితం. ఆ తరువాత విహసితం, ఉపహసితం, అపహసితం వస్తాయి. కళ్లనీళ్లు తిరిగేలా, పక్కలు పట్టుకుని గట్టిగా నవ్వేది అతిహసితం. మొదటి రెండూ ఉత్తములకనీ, నడిమి రెండూ మధ్యములకనీ, చివరి రెండూ అధములకనీ ఆయన చేసిన విభజనతో ఈనాడు ఏకీభవించనక్కరలేదు. పొట్ట పట్టుకుని నవ్వే హక్కు అందరికీ ఉంది. కాని కొత్తగా రాసేవారికి ఆ వరుస ఎంతో ఉపయోగపడుతుందని నా అనుభవం. మొదటి రోజు నుంచే అందరినీ పొర్లించి నవ్వించాలని పూనుకునేవారు అతిశయోక్తిమీద అతిశయోక్తి పేర్చి, మూడో పేరాకల్లా అలసిపోతారు. మా దగ్గర మొదటి మూడు నెలలూ స్మితం మాత్రమే రాయాలన్న నియమం పెట్టుకున్నాము. చదివినవారి పెదవి కదిలితే చాలు. ఆ నియమం పెట్టిన తరువాతే పిల్లలు చుట్టూ ఉన్న మాటలు వినడం మొదలుపెట్టారు.

వినడం అని ఊరికే అనడం లేదు. ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకుని, ఆ రోజు తాము విన్న ఒక మాటను విన్నది విన్నట్టుగా రాత్రికల్లా రాసుకోవాలి. భావం రాయకూడదు, మాటే రాయాలి. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో, రైతుబజారులో, బస్టాండులో, టీకొట్టు దగ్గర రోజుకు వందల మాటలు చెవిన పడతాయి. తిరుపతిలో అయితే నాలుగు రాష్ట్రాల వాళ్లు ఒకే టీకొట్టు దగ్గర నిలబడి, తలా ఒక తెలుగు మాట్లాడతారు. ఇంటికి వచ్చేసరికి భావం మిగిలి మాట జారిపోతుందని పిల్లలకు మొదటి వారంలోనే తెలిసివచ్చింది. నవ్వు ఎప్పుడూ ఆ జారిపోయిన మాటలోనే ఉంటోంది.

ఎవరిని చూసి నవ్వవచ్చు, ఎంతవరకు నవ్వవచ్చు అన్న ప్రశ్న ప్రతి కొత్త రచయితకూ వస్తుంది. దీనికి ఇతర దేశాల సూత్రాలు వెతుక్కోవలసిన పని లేదు. మన ఇళ్లలోనే ఆ లెక్క ఉంది. బావ మరదలితో పరాచికాలాడవచ్చు, తాత మనవడిని ఆటపట్టించవచ్చు, మనవడు తాతను అంతకంటే ఎక్కువగా ఆటపట్టించవచ్చు. పెళ్లిలో వియ్యపురాళ్లు ఒకరిమీద ఒకరు పాటలు కట్టి పాడుకుని, ఆ పూటే కలిసి భోంచేయవచ్చు. అందులో ఇద్దరికీ తిరిగి అనే హక్కు ఉంటుంది, మర్నాడు ఒకరి గడప ఒకరు తొక్కవలసిన చుట్టరికమూ ఉంటుంది. అదే మాటను దారినపోయే అపరిచితుణ్ణి అంటే అది గేలి అవుతుంది. మన భాషలో పరాచికం, వేళాకోళం, ఎకసెక్కెం, ఎగతాళి, వెక్కిరింత, హేళన అని ఇన్ని మాటలు వేరువేరుగా ఉన్నది ఊరికే కాదు. ఒక్కొక్క మాటా ఆ ఇద్దరి మధ్యనున్న దూరాన్ని ఒక్కొక్క కొలతతో చెబుతుంది. రాసినదాన్ని ముందుపెట్టుకుని, ఇది వీటిలో ఏది అని అడగమని పిల్లలకు చెబుతుంటాను. ‘ఇందులో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే దీన్ని చదవగలవా, ఆ మనిషి తిరిగి నీమీద ఒకటి అంటే నవ్వగలవా’ అన్నది మా దగ్గర చివరి పరీక్ష.

తిరుపతిలో పుట్టిపెరిగినవారికి గంగజాతర గురించి చెప్పనవసరం లేదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకున్నవారు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. మగవారు చీరలు కట్టి, పూలు ముడుచుకుని మొక్కు తీర్చుకుంటారు. వేషం కట్టినవారు నోటికి వచ్చినట్టు తిట్టినా ఎదుటివారు కోపగించుకోరు, తిట్టించుకోవడమే అమ్మ దయ అనుకుంటారు. వేషం ఉంది, ఆ వారం రోజుల గడువు ఉంది, ఎదురుగా అమ్మవారు ఉన్నారు. ఈ మూడింటి మధ్య ఆ మాట దెబ్బగా తగలదు. రచయితకు కూడా అటువంటి వేషం ఒకటి కావాలి. మా బృందంలోని అబ్బాయి ఒకడు ఎన్నాళ్లో తన సొంత గొంతుతో కోపంగా రాస్తూ, అది హాస్యం కాలేదని బాధపడేవాడు. ఊళ్లో ఉన్న అందరి తగాదాలూ తనకే తెలుసనుకునే ఒక పోస్టుమాన్ గొంతు పెట్టుకున్న నాటినుంచి అతని వాక్యం తేలికపడింది. కోపం ఎక్కడికీ పోలేదు. దానికి నడవడానికి ఒక దారి దొరికింది.

ఇవి కాక భాషలోనే దొరికే పనిముట్లు చాలా ఉన్నాయి. చిన్న విషయాన్ని గంభీరమైన గ్రాంథికంలో చెప్పడం, సామెత సగం చెప్పి మిగతా సగాన్ని కొత్త దారికి తిప్పడం, ‘కాఫీ గీఫీ’, ‘పెళ్లీ గిళ్లీ’ అన్న జంటమాటల్లో ఆ రెండో మాటను నిజమైన వస్తువుగా పట్టుకోవడం, ఇవన్నీ ఒక్కొక్క ఆదివారంలో చెప్పుకోగలిగినవే. మర్యాదల మార్పు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఇంట్లో రోజూ ‘మీరు’ అని పిలిచే అమ్మ, ఒక రోజు నాన్నను ‘తమరు’ అని పిలిచిందంటే ఆ రోజు ఇంట్లో ఏమి జరిగిందో పిల్లలతో సహా అందరికీ అర్థమవుతుంది. ఒక్క సర్వనామంతో ఒక సన్నివేశమంతా నడిపే వీలున్న భాషలో పుట్టి, దాన్ని వాడుకోవడం పిల్లలకు నేర్పకపోవడం నాకు ఎంతో బాధగా ఉంటుంది.

ఇక మీ పత్రికకు సంబంధించిన సంగతికి వస్తాను. తెలుగులో హాస్య వచనం పెరిగినది పత్రికల ఒడిలోనే. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని ప్రారంభించారు. కొక్కొండ వెంకటరత్నం గారికి ఆంధ్రభాషా సంజీవని ఉండేది. వారిద్దరి మధ్య వాదం ముదిరినప్పుడు ఒకరు హాస్యవర్ధని అనీ, మరొకరు హాస్య సంజీవని అనీ, ఒకరి పత్రిక పేరులోని మాటను ఇంకొకరు తీసుకుని హాస్యానికే పత్రికలు నడిపారు. అంత తీవ్రమైన విభేదాన్ని కూడా నవ్వుతూ పోరాడవచ్చునని ఆనాటి పాఠకులకు చూపించినది పత్రికలే. తరువాత పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’ వ్యంగ్య వ్యాసాలు కూడా ముందు పత్రికల్లో వచ్చి, ఆ తరువాతే పుస్తకాలయ్యాయి. గడువు తప్పకుండా రాయవలసి రావడం, రాసినదాన్ని వేలమంది చదివి వెంటనే ఉత్తరాలు రాయడం, నాలుగు గోడల మధ్య దొరికే శిక్షణ కాదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పడానికి అనుమతించండి. 1987లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వారపత్రికకు చిన్న హాస్య రచన పంపాను. అప్పట్లో తిరుగు టపాకు స్టాంపులు అతికించిన కవరు జతచేయడం ఆనవాయితీ. నెల తరువాత నా రచన తిరిగి వచ్చింది. మొదటి పుట అంచున పెన్సిలుతో ‘మూడో పేరా నుంచి మొదలుపెట్టండి’ అని ఒక్క వాక్యం రాసి ఉంది. ఎవరు రాశారో ఈనాటికీ తెలియదు. మొదటి రెండు పేరాలూ తీసేసి చదువుకుంటే, నిజంగానే అక్కడే ప్రాణం ఉంది. ముందున్నదంతా గొంతు సవరించుకోవడమే. ఆ తరువాత ముప్పై ఏళ్లలో పిల్లల వ్యాసాలు దిద్దినప్పుడల్లా నేను ముందుగా మూడో పేరా చూసేదాన్ని. ఈనాడు మా పిల్లలు ఈమెయిలులో పంపుతున్న రచనలకు, అందిందన్న యాంత్రికమైన జవాబు తప్ప మరేమీ రావడం లేదు. వేసుకున్నారో లేదో కూడా పత్రిక కొని చూసుకుంటేగాని తెలియదు. వచ్చిన ప్రతి రచనకూ జవాబు రాసే తీరిక సంపాదక వర్గానికి లేదన్న సంగతి నాకు తెలుసు, అది తప్పని కూడా అనను.

అందువల్ల నేను కోరుతున్నది చాలా చిన్నది. మీ ఆదివారం అనుబంధంలో నెలకొకసారి, రెండు వందల మాటలకు మించని హాస్య రచనలకు అర పుట కేటాయించండి. అది ఇంతవరకు ఎక్కడా అచ్చుకాని కొత్తవారికే ఉండాలి. ఎంపికైన రచనల పక్కన, ఎంపిక కాని ఒక రచనను రచయిత అంగీకారంతో, పేరు లేకుండా ప్రచురించి, అది ఎక్కడ తప్పిందో, ఏ మాట జరిపితే నిలబడేదో ఒక అనుభవజ్ఞుడి చేత నాలుగు వాక్యాలు రాయించండి. వేరుగా ఒక్కొక్కరికి జవాబు రాసే శ్రమ తప్పుతుంది, ఆ నాలుగు వాక్యాలూ రాష్ట్రంలో ఉన్న కొత్తవారందరికీ పాఠమవుతాయి. యాసలో రాసినవాటిని ప్రామాణిక భాషలోకి దిద్దకుండా, రాసినవారి మాట రాసినట్టే వేయండి. అర్థం కాదనిపించిన మాట ఉంటే కింద అర్థం ఇవ్వవచ్చు. ఒకరి ఒంటి రంగునూ, అవయవ లోపాన్నీ, కులాన్నీ, ఉచ్చారణనూ పట్టుకుని నవ్వించే రచనలు తీసుకోబోమని మొదటి రోజే ప్రకటించండి. అటువంటివి పంపినవారిని మందలించనక్కరలేదు, ఆ రచన నుంచి అది తీసేస్తే ఏమి మిగులుతుందో వారినే చూసుకొమ్మంటే చాలు. మా మిద్దెమీద అలా చూసుకున్నవారందరూ ఇంకా రాస్తూనే ఉన్నారు.

కోడిపెట్ట రాసిన అమ్మాయి ఇప్పుడు ఇంకొకటి మొదలుపెట్టింది. తోతాపురి మామిడికాయలు ట్రాక్టరుకు ఎత్తి, గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రాత్రులు వరసలో పడుకున్న తన తండ్రి గురించి రాస్తోంది. కాయ ఒకవైపు మెత్తబడుతుంటే, ధర ఎంత పలుకుతుందో తెలియక, ముందున్న ట్రాక్టరు కదలక, ఆ రైతులు రాత్రంతా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ తెల్లవారుజాము దాకా గడిపారట. ఆ కష్టం తగ్గకుండా, ఆ నవ్వు పోకుండా రాయడమెలాగో మా దగ్గర ఎవరికీ ఇంకా తోచలేదు. నాలుగు ప్రతులు అయ్యాయి. వచ్చే నెలలో మీకు పంపిస్తుంది. వేసుకోలేకపోతే ఎందుకో అంచున ఒక్క వాక్యం రాసి తిప్పి పంపించండి. స్టాంపులు అతికించిన కవరు నేను జతచేస్తాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
తిరుపతి.